తొట్టిలో రాళ్లు కదిపిన రోజు

బరంపురం దగ్గర మా హల్దియాపదర్ ఇంట్లో ముందుగది తలుపు తీస్తే ఇప్పుడు మొదట ముక్కుకి తగిలేది నీటి వాసన. అది సముద్రపు వాసన కాదు, ఆ వాసన నాకు తెలుసు. చెరువు వాసనా కాదు. తడిసిన రాయి, పాకుడు, చేపల మేత గుళికలు, కొళాయి నీళ్లకి విరుగుడుగా పోసే మందు, ఇవన్నీ కలిసి మూసిన గదిలో నానితే వచ్చే వాసన. నా మనవరాలు పావని ఆ గదిలో గాజు తొట్టి పెట్టి చేపలు పెంచుతోంది. నేను పొడంపేట ఒడ్డున పుట్టినదాన్ని. చేపంటే వలలోంచి గంపలోకీ, గంపలోంచి దాకలోకీ రావాలి, మిగిలితే ఉప్పు రాసి ఎండబెట్టాలి, నాకు తెలిసింది అంతే. కూరకి పనికిరాని చేపకి పూటపూటా తిండి పెట్టడమేమిటో, అది ఊపిరి తీసుకోవడానికి రాత్రనక పగలనక మోటారు తిప్పడమేమిటో, కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా నేను అడుగుతూనే ఉంటాను. పావని నవ్వి ఊరుకుంటుంది.

వాటిని సిక్లిడ్లు అంటారట. ఎక్కడో ఆఫ్రికా సరస్సుల్లో రాళ్ల సందుల్లో బతికే జాతి. రంగులు చూస్తే బరంపురం పట్టుచీర అంచులు గుర్తొస్తాయి, గుణాలు చూస్తే వీధికొళాయి దగ్గర బిందెల వరస గుర్తొస్తుంది. ఒక్కో చేపకీ ఒక్కో రాయి ఉంది. ఆ రాయి చుట్టూ జానెడు నీళ్లు తన సొంతం అనుకుంటుంది. పక్కది ఆ జానెడులోకి ముక్కు పెట్టిందంటే రెక్కలు విచ్చుకుని, మొప్పలు ఉబ్బించి మీద పడుతుంది. అన్నిటిలోకీ రౌడీ నీలం మీద నల్లచారలున్నది. తొట్టి మధ్యలో బోర్లించిన మట్టికుండ దానిది. నిజానికి ఆ కుండ నాది. అంబలి కాచుకునే కుండ, అంచు విరిగినా పారేయబుద్ధి కాక అటక మీద దాచాను, పావని అడిగితే ఇచ్చాను. ఇప్పుడు నా కుండలో కాపురం పెట్టి, నేను దగ్గరికెళ్తే నన్నే కరవడానికి గాజు మీదికి దూకుతుంది.

దీపావళి వెళ్లాక పావని ఒక కొత్త చేపను తెచ్చి అందులో వదిలింది. నిమ్మపండు రంగుది, చూడముచ్చటగా ఉండేది. అది నీళ్లలో పడిన క్షణం నుంచీ తొట్టిలో ఉన్నవన్నీ దాని వెనకే. ఏ రాయి దగ్గరికి పోయినా ఆ రాయికి సొంతదారుంది. చివరికి అది పైమూలన, మోటారు గొట్టం వెనకాల, నీటి పైపొరకి నోరు ఆనించి నిలబడిపోయింది. మేత వేస్తే కదల్లేదు. గుళిక దాని ముక్కు ముందు నుంచే మునిగిపోతున్నా కదల్లేదు. మర్నాటికి తోక చీలికలైంది. ఆ తర్వాత ఒక పొద్దున వెల్లకిలా తేలింది. పావని దాన్ని కాగితంలో చుట్టి పెరట్లో జామచెట్టు మొదట్లో పాతుతుంటే, "సేపకి కర్మలు కూడా సేత్తావేటే?" అని కసిరాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. చావడం సరే, అన్నీ చస్తాయి. ఆ మూలన అలా నిలబడటం ఉందే, అది నాకు తెలుసు.

అందుకే పావని మళ్లీ కొత్త చేపల్ని తెచ్చిందని తెలిసినప్పుడు నాకు గుండెల్లో రాయి పడింది. ఈసారి మూడు తెచ్చింది. తేగానే తొట్టిలో వేయలేదు. వెనక వసారాలో ప్లాస్టిక్ టబ్బులో విడిగా ఉంచి, రోగాలేవీ లేవని తేలేదాకా ఆగింది. నేను పెరట్లోకి వెళ్తూ వస్తూ ఆ టబ్బులోకి తొంగిచూసేదాన్ని. ఎవరూ చూడనప్పుడు నాలుగు గుళికలు కూడా వేసేదాన్ని. గబగబా వచ్చి తినేవి. ఇక్కడ ఇంత బాగా తింటున్న వాటిని తీసుకెళ్లి ఆ రౌడీల మధ్య పడేయడం ఎందుకని నా బాధ.

"ఇవి సచ్చిపోతే మరి ఈ ఇంట్లోకి సేపన్న మాట రానియ్యను, సెప్తన్నాను" అన్నాను.

"ఒక్కదాన్ని పంపితే అందరూ దాని మీదే పడతారు మామ్మా. మూడింటిని కలిపి పంపితే కోపం పంచుకుంటారు" అంది పావని. "నువ్ టెన్షన్ పడకు."

ఆ పని మొన్న ఆదివారం పెట్టుకుంది. ముందు పాత చేపలకి కడుపు పగిలేలా మేత వేసింది. తర్వాత తొట్టి మీది లైటు ఆర్పమంది. వెళ్లి ఆర్పాను. "వెరీగుడ్ మామ్మా, సీకట్లో ఐతే తక్కువ కొట్టుకుంటాయి" అంది. ఈ ఇంట్లో నేను లైటు ఆర్పినందుకు ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. తర్వాత మూడు కొత్త చేపల్నీ పాలిథిన్ సంచిలో నీళ్లతో సహా పెట్టి, మూతి కట్టి, తొట్టి నీళ్ల మీద తేలవదిలింది. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలట. అంతసేపూ మేమిద్దరం చేసేదేమీ లేదు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. సంచిలో మూడూ ఒక్కటిగా ముడుచుకుని ఉన్నాయి. బయట పాతవి చుట్టూ తిరుగుతూ, మధ్యమధ్య ముక్కుతో పాలిథిన్‌ని పొడిచి చూస్తున్నాయి. ఆ పల్చటి పొర అవతల నుంచి లోపలివాటికి ఆ మొహాలు ఎలా కనబడుతున్నాయో నాకు తెలుసు. అస్కాలో మా మావయ్య ఇంటి గుమ్మం ముందు, బస్సు దుమ్ముతో, చేతిలో తువ్వాలు మూటతో నిలబడినప్పుడు నాకూ అలాగే కనబడ్డాయి.

పొడంపేటలో నాకు గోడలంటే ఏమిటో తెలియదు. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట మాది తాటాకు ఇల్లు. పొద్దున లేస్తే ఇసుక చల్లగా పాదాలకి తగిలేది, నాన్నవాళ్ల తెప్పలు ఒడ్డెక్కేసరికి ఊరంతా అక్కడే ఉండేది, వల విదిలిస్తే కవళ్ల చేపలు వెండిబిళ్లల్లా ఎగిరిపడేవి, కాకులూ కుక్కలూ పిల్లలమూ ఒకే గుంపుగా పోటీపడి ఏరుకునేవాళ్లం. ఫాల్గుణంలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తే వాటి కాలిజాడల వెంట నడుస్తూ ఆడుకునేవాళ్లం. పడవ కింద నీడ ఎవరిదంటే ముందు చేరినవాళ్లది. పడుకునే చాప ఎవరిదంటే నిద్ర వచ్చినవాళ్లది. ఇది నాది, అది నీది అనే మాట అక్కడ పెద్దగా వినబడేది కాదు, దాచుకునేంతగా ఎవరికీ ఏమీ లేకపోవడం వల్ల కాబోలు. అటువంటి ఇంటిని ఒక కార్తీకంలో తుఫాను వచ్చి రాటలతో సహా ఊడ్చుకుపోయింది. అమ్మా నాన్నా చంకలోని తమ్ముడితో ఒడ్డునే టార్పాలిన్ కింద ఉండిపోయారు. ఇల్లు మళ్లీ నిలబడేదాకా నన్ను అస్కా పంపారు.

అస్కాలో మా మావయ్య చక్కెర మిల్లులో పనివాడు. మిల్లు వెనక పనివాళ్ల లైను ఇళ్లు వరసగా ఉండేవి, ఒకే గోడ, ఒకే కప్పు, ఒక్కో కుటుంబానికి ఒక గదీ, ఒక వంటసందూ. నేను వెళ్లేసరికి చెరుకు ఆడించే రోజులు మొదలయ్యాయి. ఎడ్లబళ్లు చెరుకుతో రోడ్డంతా బారులు తీరి ఉండేవి, బళ్ల కింద పొయ్యిలు పెట్టి బండివాళ్లు వండుకునేవారు, గాలిలో ఎప్పుడూ మడ్డి వాసన, తియ్యగా, పుల్లగా, కాస్త కుళ్లినట్టు. సైరను మోగితే గోడలు అదిరేవి. సముద్రపు హోరు మీద నిద్రపోయేదాన్ని, ఆ సైరనుకి ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఆ ఒక్క గదిలో మావయ్య, అత్త, వాళ్ల పిల్లలు, మా అమ్మమ్మ. మా అమ్మమ్మ అస్కా బజారులో ఎండు నెత్తళ్లు అమ్మేది. మనిషి దగ్గరికొస్తే ఎండుచేపల వాసన, మాట పలికితే చీపురు విసిరినట్టు ఉండేది. ముద్దు చేయడం ఆమెకి రాదు. ఇంట్లో పెద్దమ్మాయి పైడమ్మ. నాకంటే పెద్దది, మావయ్య కూతురు కాబట్టి నాకు వదిన. ఆ గదిలో ఉన్న ఒక్క కిటికీ కింద చోటు పైడొదినది. దాని తమ్ముళ్లలో ఒకడికి బియ్యం డబ్బా పక్క, ఒకడికి తలుపు వెనక. భోజనానికి కూర్చునేటప్పుడు గోడ పొడుగునా ఎవరి చోటు వారిది, అన్నం తిన్న చోట గోడకి వీపులు ఆని నూనె మరకలు కూడా పడి ఉండేవి. నాకు మరక లేదు. నేను ఎక్కడ కూర్చున్నా ఎవరిదో ఒకరి చోటే.

"అది నా తమ్ముడు కూకునే కాడ."

"అక్కడ నాను బొమ్మ పెట్టుకుంతాను."

"సేపల కంపు. అటెల్లి కూకో."

ఈ మూడో మాట పైడొదినది. ఎండుచేపలమ్మే మామ్మ ఒళ్లో పెరిగిన పిల్లకి నా దగ్గరే కంపు కొట్టింది. ఎవరూ చూడనప్పుడు మోచేత్తో పొడిచేది, జడ లాగేది, నిద్రలో కాలు తగిలితే గిల్లేది. అమ్మమ్మ బజారుకెళ్తే ఇక అడ్డేలేదు. నేను చివరికి నీళ్లకుండల అరుగు పక్క మూలన నిలబడటం నేర్చుకున్నాను. అక్కడ ఎప్పుడూ తడిగా ఉండేది కాబట్టి ఎవరికీ అక్కర్లేని చోటు. అందరూ తిన్నాక తింటానని చెప్పేదాన్ని, తర్వాత ఆకలి లేదనేదాన్ని. కంచం ముందు పెట్టినా ముద్ద గొంతు దిగేది కాదు, ఎటునుంచి ఎవరి మోచెయ్యి వస్తుందోనని నా కళ్లన్నీ అటే ఉండేవి. పావడా బొందు బిగించి కట్టుకోవాల్సి వచ్చేది.

ఒకనాడు వంటసందులో అత్త మావయ్యతో అంటున్న మాట నా చెవిన పడింది. "ఆ గుంట తినదు, పలకదు, మూలన నిలబడి సూస్తాది. ఇంకొన్నాళ్లు సూద్దాం. ఇమడకపోతే బరంపురంలో ఎవులింట్లోనైనా పనికి పెట్టీడమే. అక్కడైతే తిండేనా తింటాది." అత్త చెడ్డది కాదు. ఒక్క జీతం మీద అన్ని నోళ్లు, ఆమె భయం ఆమెది. కానీ ఆ మాట విన్నాక నాకు బరంపురం అంటే ఊరు కాదు, తెలియని ఇంటి అంట్ల గిన్నెల కుప్ప. రోజూ సైరను మోగితే చాలు, ఈరోజే పంపేస్తారేమోనని నా తువ్వాలు మూట ఎక్కడుందో చూసుకునేదాన్ని.

నేను స్టూలు మీద కూర్చుని ఇదంతా తలుచుకుంటుండగా పావని చేతులు మోచేతుల దాకా తొట్టిలో పెట్టి రాళ్లు తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క రాయీ పైకి తీసి బకెట్లో వేస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"అదేటే? ఉన్నవి సక్కగా ఉన్నాయి కదా, వాటి కొంపెందుకు కూలుస్తావు?"

"కూల్చాలి మామ్మా. ఎవరి రాయి ఎక్కడుందో తెలిస్తేనే కదా కొట్టుకుంటాయి. అన్నీ తీసి వేరేచోట పెట్టీస్తే పాతవాటికీ ఇల్లు కొత్తే. అప్పుడు కొత్తవాటిని వదిలితే, అందరూ ఒకేసారి వచ్చినట్టుంటాది."

చివరికి నా కుండ కూడా తీసింది. లోపలి నుంచి నీలం చారలది బయటికి జారి, కుండ ఉన్న చోట ఉత్త ఇసక చుట్టూ పిచ్చిదానిలా తిరిగింది. పావని బకెట్లోని రాళ్లన్నీ కొత్త చోట్ల పేర్చి, ఆ కుండని తీసుకెళ్లి తొట్టి అటు కొసన పక్కకి వాల్చి పెట్టింది. చేతులు తుడుచుకోమని దానికి అందించబోయిన తువ్వాలు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఇది నేను ఇంతకుముందు చూశాను.

అది మార్గశిరం. అస్కాలో ఒడియావాళ్లూ మేమూ అందరమూ గురువారం లక్ష్మీపూజ చేసుకునేవాళ్లం. బుధవారం సాయంత్రానికి ఇల్లు అలికి, బియ్యప్పిండి నీళ్లతో గుమ్మం నుంచి గదిలోపలికి లక్ష్మి పాదాలు వేసేవారు. ఆ వారం పూజ అయిపోయింది, ఇల్లు అద్దంలా ఉంది. మర్నాడు పొద్దున అమ్మమ్మ బజారుకెళ్లకుండా కొంగు బిగించి, "సెదలు పట్టినాయి. సామానంతా బయటికి తియ్యండి" అంది. అత్త నోరు తెరిచింది. మొన్ననే అలికాం కదా అంది. అమ్మమ్మ ముందు అందర్నీ కూర్చోబెట్టి, కొత్త బెల్లం వేసి కాచిన గంజి గిన్నెల నిండా పోసింది, తాగినవాళ్లకి మళ్లీ పోసింది. తర్వాత దేవుడి పటం తప్ప ట్రంకు పెట్టెలు, బియ్యం డబ్బా, చాపలు, నీళ్లకుండలు అన్నీ లైను ముందు ఎండలోకి వచ్చేశాయి. పక్కిళ్లవాళ్లు వచ్చి నవ్వుతూ చూశారు. పైడొదిన పెట్టెలు మోస్తూ ముక్కు చీదుతూనే ఉంది. గోడకి ఉన్న నూనె మరకలన్నీ అమ్మమ్మ సున్నం తడిపి ఒక గుడ్డతో తుడిచేసింది.

మధ్యాహ్నానికి సామాను లోపలికి వెళ్లింది గానీ ఏదీ మునుపున్న చోటికి వెళ్లలేదు. బియ్యం డబ్బా కిటికీ కిందికి వచ్చి కూర్చుంది. నేను నిలబడే తడి మూలలోకి ట్రంకు పెట్టెలు వెళ్లాయి. నీళ్లకుండలు తలుపు పక్కకి మారాయి. భోజనాల వేళకి అందరం కంచాలు చేత్తో పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయాం. మావయ్య కూడా నిలబడ్డాడు. ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు.

"కూకోండి. అన్నం సల్లారిపోతంది" అంది అమ్మమ్మ.

ఎవరికి దొరికిన చోట వాళ్లు కూర్చున్నారు. నేను కూర్చున్నాక పక్కన ఎవరో మోకాలు తగిలించారు. చూస్తే పైడొదిన. నేను అలవాటుగా లేవబోయాను. అది ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో నా వైపు చూడకుండా, "కాస్త జరుగే, పెట్టె గుచ్చుకుంతంది" అంది. లెగమనలేదు. జరగమంది. జరిగాను. ఆ పూట చింతపండు పులుసు, కాల్చిన నెత్తళ్లు. నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. అత్త గరిటె పట్టుకుని నన్నొకసారి, అమ్మమ్మనొకసారి చూసింది. బరంపురం మాట ఆ తర్వాత నేను వినలేదు.

ఆ మీదట దెబ్బలాటలు లేవని కాదు. ఉన్నాయి, కానీ నేనూ తిరిగి గిల్లాను. జ్యేష్ఠం వెళ్లి ఆడపిల్లలు ఉయ్యాలలూగే రజొ పండగ వచ్చేసరికి, లైను చివర మామిడికొమ్మకి కట్టిన ఉయ్యాల మీద పైడొదినా నేనూ ఎదురెదురుగా నిలబడి, పాదాలకి పారాణితో, నోట్లో పొడొపిఠా ముక్కతో, కొమ్మ విరిగేలా ఊగాం. కొబ్బరీ బెల్లమూ వేసి బొగ్గుల మీద మాడ్చిన ఆ పిఠా అడుగు చెక్క కోసం ఇద్దరం ఉయ్యాల మీదే కొట్టుకున్నాం కూడా. పొడంపేటలో మా ఇల్లు మళ్లీ నిలబడలేదు. నేను పెళ్లయ్యేదాకా అస్కాలోనే పెరిగాను, అక్కడి బడిలో కొన్నాళ్లు చదివాను, అమ్మమ్మ దగ్గర కసరడం నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ ఆ రోజుని చెదలు పట్టిన రోజుగానే గుర్తుపెట్టుకున్నాను.

పావని సంచి మూతి విప్పింది. తొట్టి నీళ్లు కొంచెం కొంచెం అందులో పోసి, చివరికి వలగరిటెతో కొత్తవాటిని మాత్రం ఎత్తి తొట్టిలో వదిలింది. నేను కళ్లు మూసుకోలేదు గానీ మూసుకోవాలనిపించింది. వాటిలో రెండు గిర్రున తిరిగి రాళ్లలోకి పోయాయి. మూడోది, అన్నిటిలో చిన్నది, నేరుగా పైమూలకి పోయి మోటారు గొట్టం వెనక నిలబడింది.

"అదిగో" అన్నాను, స్టూలు మీంచి లేస్తూ.

"ఆగు మామ్మా."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆదివారం కాబట్టి అస్కా నుంచి పైడొదిన. దానికి చెవులు మందం, అరుస్తుంది. నేనూ అరుస్తాను.

"ఏటే, బతికే ఉన్నావా?"

"నీకంటే ముందెల్లనులే. వదినా, ఒక మాట అడుగుతాను సెప్పు. ఆ సెదలు నువ్వు కళ్లతో సూసినావా?"

"ఏ సెదలే?"

"అమ్మమ్మ సామానంతా లైను ముందు పెట్టించినాది సూడు, గురువారం పూజ మర్నాడు."

అవతల దగ్గుతో కలిసిన నవ్వు.

"ఎర్రిమొకమా, సెదలేటి? పెట్టెలన్నీ మోసినదాన్ని నాను. ఒక్క పురుగు నేదు. కిటికీ కింద నా సోటు పోనాదని ఏడిస్తే మామ్మ నన్ను పెరట్లోకి లాక్కెల్లినాది. 'దానికి ఇల్లే నేదు, నీకు కిటికీ నేకపోతే సచ్చిపోతావేటే' అని నెత్తిన ఒక్కటి మొట్టినాది. నీకు తెల్దా?"

"తెల్దు."

"ఇన్నాల్లూ తెల్దా?"

తెలియదు. నేను అడగలేదు, అమ్మమ్మ చెప్పలేదు. అడగడానికి ఇప్పుడు అమ్మమ్మ లేదు. నెత్తళ్ల వాసన వేసే ఆ చీర కొంగు లేదు, చెరుకుబళ్ల బారుల బదులు లారీలు వస్తున్నాయి, మా తాటాకు ఇల్లున్న ఇసుక మేర ఇప్పుడు సముద్రమే.

"నా కిటికీ నాకిచ్చీయే ఇప్పుడైనా" అంది పైడొదిన.

"ఏ కిటికీ? లైనంతా పడగొట్టీసినారు కదా."

"అవునులే" అంది, అరవకుండా. తర్వాత మళ్లీ అరిచింది. "ఆ బుడబుడమని సప్పుడేటి? పొయ్యి మీద ఏటైనా పెట్టినావా?"

"సేపల తొట్టి. కొత్త సేపల్ని ఏసినాది మనవరాలు. పాతవి కొట్టి సంపుతాయని భయంగా ఉంది."

"తిన్నాదా కొత్తది?"

ఫోను చెవికి పెట్టుకునే వెళ్లి గాజు దగ్గర వంగాను. పావని చిటికెడు గుళికలు చల్లింది. నీలం చారలది ఇంకా తన కుండ ఉన్న చోట వెతుక్కుంటూ, చిన్నదాని కింది నుంచి దాన్ని పట్టించుకోకుండానే వెళ్లిపోయింది. గొట్టం వెనక నుంచి చిన్నది కాస్త ముందుకు జరిగింది. ఆగింది. ఇంకాస్త జరిగింది. ఒక గుళిక దాని పక్కనుంచి మునిగిపోతుంటే వెంటపడి, వంగి, నోట పట్టుకుంది.

"ఓలే, వినబడతందా? తిన్నాదా అంటే?"

"తింటన్నాది వదినా" అన్నాను. "తింటన్నాది."